మెదడులో గడ్డకు పేరు చెప్పేది ఎవరు?

కాకినాడ: కోనసీమలో కొబ్బరికాయలు ఒలిచే మనిషి ఒకడు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయాడనుకోండి. ఒకరు చేతిలో తాళంచెవులు పెడతారు. మరొకరు గాలి సోకిందంటారు. చివరికి కాకినాడకో, రాజమండ్రికో తీసుకువెళ్లి స్కానింగ్ తీయిస్తే మెదడులో గడ్డ ఉందని తేలుతుంది. ఇక ఇంటిల్లిపాదీ ఏడుపులే. క్యాన్సరేనని నిశ్చయించుకుని, లాభం లేదని మనిషిని ఇంటికి తెచ్చేసేవారూ ఉన్నారు.

తొందరపడకూడదు. మెదడులో గడ్డలన్నీ క్యాన్సర్ కావు. మన దేశంలో క్షయ గడ్డలు, బద్దెపురుగు తిత్తులు కూడా కనబడుతుంటాయి. ఇవి చాలావరకు మందులకు లొంగుతాయి. బద్దెపురుగు గుడ్లు మురికి చేతులు, కలుషితమైన నీరు, కడగని పచ్చికూరల ద్వారా కడుపులోకి చేరతాయి. కనుక పందిమాంసం ముట్టనివారికీ ఈ జబ్బు రావచ్చు.

కనిపించని డాక్టరు

స్కానింగులోనే కొన్ని గడ్డలు గుర్తుపట్టవచ్చు. అనుమానం తీరనప్పుడు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. రోగి ఆపరేషన్ బల్లమీద ఉండగానే ముక్కను గాజుపలకపై నలిపి చూసి, కొద్ది నిమిషాల్లో తొలి కబురు చెబుతారు. పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో సుమారు రెండువందలో వంతు మందాన పొరలు కోసి, నీలం, గులాబీ రంగులు అద్ది సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఈ పని చేసే నిపుణుడే న్యూరోపెథాలజిస్టు. ఎం.బి.బి.ఎస్., ఆపైన పెథాలజీలో ఎం.డి. చదివి, మెదడు జబ్బులపై మళ్లీ ప్రత్యేక శిక్షణ పొందినవారు వీరు. రోగి ముఖం చూడకపోయినా, వైద్యం ఏ దారిన నడవాలో తేలేది చాలాసార్లు వీరి మాటతోనే.

మెదళ్ల బ్యాంకు

ఈ విద్యకు పేరుపొందిన చోటు బెంగుళూరులోని నిమ్హాన్స్. అక్కడ డాక్టర్ సుసర్ల కృష్ణ శంకర్ చొరవతో 1995లో మెదళ్ల బ్యాంకు ఏర్పడింది. రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారి మెదళ్లను సైతం బంధువుల అంగీకారంతో అక్కడ భద్రపరుస్తారు. అక్కడి మ్యూజియంలో మామూలు ప్రజలు కూడా మెదడును దగ్గరగా చూడవచ్చు. చనిపోయినవారి మెదడు బతికినవారికి ఎలా అక్కరకొస్తుందంటే, 1906లో జర్మనీ డాక్టరు ఆల్జీమర్, మతిమరుపుతో చనిపోయిన ఒక స్త్రీ మెదడును పరీక్షించబట్టే ఆ జబ్బు సంగతి లోకానికి తెలిసింది.

ఇవి పారేయకండి

ముక్క తీయించాక చాలామంది ఫలితం కోసం మళ్లీ ఆసుపత్రి గడప తొక్కరు. అక్కడే మోసం వస్తుంది. రిపోర్టు తప్పక తీసుకోండి. వైద్యం కోసం విశాఖపట్నమో, హైదరాబాదో వెళ్లవలసి వస్తే గాజు స్లైడ్లు, మైనపు దిమ్మ కూడా అడిగి తీసుకువెళ్లండి. వాటిని అక్కడి నిపుణులు మళ్లీ పరీక్షించవచ్చు. చాలాసార్లు రెండోసారి ముక్క తీసే బాధ తప్పుతుంది. పొలం దస్తావేజులు దాచే పెట్టెలోనే వాటినీ దాచుకోండి.