తెలివి మాత్రలు – సంచిలెక్క

ఒక సంచి 10 కిలోల బరువు మాత్రమే మోయగలదు. ఎదుట మూడు వస్తువులు కలవు. మొదటిది 6 కిలోలు, వెల 30 రూపాయలు. రెండవది 5 కిలోలు, వెల 24. మూడవది 5 కిలోలు, వెల 23. మిక్కిలి వెలగలదని మొదటిదానిని సంచిలో వేసినచో మరి దేనికిని చోటుండదు. దానిని విడిచి తక్కిన రెండింటిని తీసికొన్నచో 47 రూపాయలు వచ్చును. వస్తువులు 12 అయినచో, ఒక్కటియు తీసికొనకుండుటతో సహా, ఎంపిక విధములు 4,096 అగును. పట్టినదానిని విడువ నేర్చుటయే యిచట వివేకము.

ఇట్టి నిర్ణయములలో ముఖ్యపాత్ర వహించునది నొసటి వెనుకనున్న మెదడు భాగము. ఇది విషయములను కొంతసేపు మనస్సున నిలిపి, తొందరపాటును అణచి, ఒకదానితో నొకటి పోల్చును. ఇచటి నాడీకణముల పనికి డోపమీన్, నారెడ్రినలిన్ అను రసాయనములు తోడ్పడును. వీణతీగ వదులైనను, మిక్కిలి బిగిసినను శ్రుతి తప్పునట్లు, ఇవి తక్కువైనను, ఎక్కువైనను ఆలోచన చెడును.

మిథైల్‌ఫెనిడేట్ అను మందును 1944లో స్విట్జర్లండు దేశపు సీబా సంస్థలో తయారుచేసిరి. నాడీకణము వెలువరించిన డోపమీన్ తిరిగి లోనికి పోకుండ ఇది అడ్డగించును. అవధానలోపము గలవారికి వైద్యులు దీనిని ఇత్తురు. వారిలో పెక్కుమందికి మేలు కలుగుచున్నది. అది చూచి, ఏ లోపమును లేని విద్యార్థులు కొందరు పరీక్షల ముందు దీనిని తెలివి మాత్రయని మ్రింగుచున్నారు.

ఈ నమ్మకము నిజమేనా? ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 40 మంది ఆరోగ్యవంతులకు సంచిలెక్కలనే యిచ్చి, 2023లో ఫలితములను ప్రకటించిరి. ఒక్కొక్కరికి వేర్వేరు దినములలో మిథైల్‌ఫెనిడేట్, మొడాఫినిల్, డెక్స్‌ట్రోఆంఫెటమిన్ మందులను, మందులేని మాత్రను ఇచ్చిరి. మందు పుచ్చుకొన్నప్పుడు వారు మొత్తముమీద ఎక్కువ శ్రమించిరి. వస్తువులను ఎక్కువమార్లు మార్చిరి. కాని ఒక్కొక్క మార్పువలన కలిగిన లాభము తగ్గెను. మందులేని మాత్రతో సగటుకంటె బాగుగా చేసినవారు పలువురు, మిథైల్‌ఫెనిడేట్‌తో సగటుకంటె క్రిందికి జారిరి.

అనగా మందు పెంచినది పూనికను; వివేకమును కాదు. చురుకుదనము తెలివివలె తోచుటయే యిందలి ప్రమాదము. మీదుమిక్కిలి ఇట్టి మందులు నిద్రను చెరచును, గుండె వేగమును హెచ్చించును. కొన్నింటికి మనిషి బానిస కావచ్చును. చదివినది జ్ఞాపకమున స్థిరపడుటకు నిద్ర అవసరము. నిద్రను అమ్ముకొని మాత్రను కొన్న విద్యార్థి, సంచిలో ముందుగా మొదటి వస్తువును వేసికొన్నవాని వంటివాడు.