నేలమాళిగ గదిలో తలనొప్పి

దోర్నాల, తర్లుపాడు, కొమరోలు, రాచర్ల వైపు ఊళ్ళనుంచి చదువుకోసం మార్కాపురానికీ, గిద్దలూరుకూ వచ్చే పిల్లలందరికీ హాస్టల్లో చోటు దొరకదు. దొరికిన గదితో సర్దుకుంటారు. ఆ గది ఒక్కొక్కప్పుడు చాలా విచిత్రంగా ఉంటుంది. దుకాణాల కింద సెల్లారులో, సామాన్లు వేసే కొట్టుకు చెక్క అడ్డం కట్టి, బల్బూ ఫ్యానూ బిగించి, దానికి ‘రూము’ అని పేరు పెడతారు. రోడ్డున పోయేవారి కాళ్ళు కనిపించేపాటి కిటికీ ఉంటే అదృష్టమే. అయితే అద్దె తక్కువ, ఎండాకాలం చల్లన. ‘పరీక్షలు అయ్యేదాకానే గదా’ అని తండ్రి అడ్వాన్సు ఇచ్చి బస్సెక్కుతాడు.

అలాంటి గదిలో ఆరు నెలలు ఉండవచ్చునా? ఉండవచ్చు. మే నెలలో మేడమీది రేకుల గదిలో ఉడికిపోవడం కంటే ఇదే నయమని కూడా అంటాను. గోడల చెమ్మ గురించీ, బూజు గురించీ తల్లులు నన్ను అడుగుతూనే ఉంటారు. గదిలోకి గాలి ఎక్కడినుంచి వస్తుందని మాత్రం ఎవరూ అడగరు.

ఇంటరు చదివే ఒక కుర్రవాణ్ణి తండ్రి ఆసుపత్రికి తీసుకువచ్చాడు. నెల రోజులుగా తలనొప్పి, వికారం, పుస్తకం తెరిస్తే మగత. ‘చదివి చదివి కళ్ళు పాడైనాయి సార్, అద్దాలు రాయండి’ అన్నాడు తండ్రి. చూపు బాగుంది. రక్తపోటు సరిగానే ఉంది. ‘ఆదివారం ఊరికి పోతే నొప్పి ఉంటుందా నాయనా?’ అని అడిగాను. ఉండదట. పక్క చాపమీద పడుకునే స్నేహితుడికీ ఇదే బాధట. అప్పుడు సంగతి బయటపడింది. కరెంటు పోయినప్పుడల్లా పైదుకాణంవారు మెట్లకింద చిన్న పెట్రోలు జనరేటరు వేస్తున్నారు. మెట్లపక్కనే వీళ్ళ కిటికీ!

పెట్రోలు గానీ, బొగ్గులు గానీ, కిరసనాయిలు గానీ సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందేదెట్లా? కొద్దిగా పీలిస్తే తలనొప్పి, ఎక్కువైతే నిద్రలోనే ప్రాణం పోతుంది. చలిరాత్రి గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకున్నా ఇంతే.

ఇంకొక మాట. కరోనా నాటినుంచి చాలా ఇళ్ళలో వేలికి తగిలించే ఆక్సీమీటరు ఉంది. ఈ విషం ఎక్కినప్పుడు అది 98 చూపించినా నమ్మకండి. హిమోగ్లోబిన్‌ను పట్టుకున్నది ప్రాణవాయువో, విషవాయువో ఆ పరికరం చెప్పలేదు.

ఎవరైనా గదిలో మగతగా పడి ఉంటే ముందు తలుపులు బార్లా తీసి, మనిషిని బయటి గాలిలోకి మోసుకురండి. తరువాత 108కి ఫోను చేయండి. మజ్జిగ తాగించి, పడుకోబెట్టి, తెల్లవారాక చూద్దామనుకోవద్దు. మామూలు గాలిలో రక్తంలోని ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో తగ్గుతుంది.

ఇక దోమల చుట్ట. ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. కిటికీ లేని గదిలో అది వెలిగించి పడుకోవడమేమిటి? దోమతెర కట్టుకోండి.

మార్కాపురంలో మీకు ఇచ్చే గది ఇదివరకు పలకలు కోసిన చోటో, నిలవచేసిన చోటో కావచ్చు. ఆ ధూళివల్ల ఆరు నెలల్లో సిలికోసిస్ రాదు, భయపడకండి. అది ఏళ్ళ తరబడి ఆ దుమ్ములో పనిచేసే కార్మికుల జబ్బు. కాని దగ్గు పట్టుకుంటుంది, ఉబ్బసం ఉన్నవారికి రేగుతుంది. చీపురుతో పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

మనది కరువుసీమ, సెల్లారులోకి నీళ్ళెందుకు వస్తాయంటారా? అక్టోబరు, నవంబరు నెలల తుఫాను వానలను మరచిపోవద్దు. 2024 జూలై 27న ఢిల్లీలో ఒక కోచింగ్ సంస్థ సెల్లారులోని గ్రంథాలయంలోకి వాననీరు దూసుకువచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. తలుపుకు అవతల మోకాలిలోతు నీరు నిలిస్తే దానిని నెట్టి తెరవడం ఎంత బలమైన కుర్రవాడికైనా చాలా కష్టం.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు తండ్రిగారూ, మీరే ఆ గదిలో తలుపు వేసుకుని ఒక గంట కూర్చోండి. జనరేటరు ఎక్కడుందో, దాని పొగ ఎటు పోతుందో ఇంటివారిని అడగండి. బయటికి పోయే దారి ఒక్కటేనా, రెండున్నాయా చూడండి. మెట్లకు అడ్డంగా మోటారు సైకిళ్ళు పెట్టి ఉంటే తీయించండి. ఎదురెదురుగా గాలి ఆడే రెండు కంతలైనా లేకపోతే, అద్దె నూరు రూపాయలు తగ్గిస్తామన్నా ఇంకొక గది వెతుక్కోండి.