మెయిన్‌ఫ్రేమ్‌లో పెంగ్విన్

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌కు తెర గానీ కీబోర్డు గానీ నేరుగా తగిలించే చోటు ఉండదు. మామూలు కంప్యూటర్‌లో లినక్స్ వేసుకునేవారు పెన్‌డ్రైవ్ పెట్టి, తెర మీద వచ్చే ప్రశ్నలకు జవాబులిస్తూ పోతారు. ఇక్కడ ఆ మొదటి అడుగే పడదు. అయినా ఇరవై అయిదేళ్లుగా లినక్స్ ఈ యంత్రాల మీద నడుస్తూనే ఉంది. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు దాన్ని నమ్ముకుని ముఖ్యమైన పనులు చేసుకుంటున్నాయి. పెంగ్విన్ గుర్తు గల ఈ ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అంత పెద్ద యంత్రంలోకి ఎలా ప్రవేశించిందో, దాన్ని ఇప్పుడు ఎలా ఎక్కిస్తారో చూస్తే, మామూలు కంప్యూటర్ విషయంలో మనం సహజమనుకునేవన్నీ ఒక తరహా యంత్రపు అలవాట్లేనని అర్థమవుతుంది.

మెయిన్‌ఫ్రేమ్ వంశానికి మూలపురుషుడు సిస్టమ్/360. ఐబీఎం దాన్ని 1964 ఏప్రిల్ 7న ప్రకటించింది. ఆనాటి ప్రోగ్రాములు తర్వాతి తరం యంత్రాల్లోనూ నడవాలన్న మాటకు ఆ సంస్థ ఇప్పటికీ కట్టుబడి ఉంది. వై2కే రోజుల్లో హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్ నేర్చుకుని అమెరికా వెళ్లిన తెలుగు ప్రోగ్రామర్లు పనిచేసింది ఈ వంశపు యంత్రాల మీదే. ఈ యంత్రాల నిర్మాణం వేరు. డిస్కు నుంచి సమాచారం తెచ్చే పనిని ప్రాసెసర్ తాను మోయదు. ఏం కావాలో ఒక చిన్న ప్రోగ్రాముగా రాసి, చానెల్ అనే ప్రత్యేక వ్యవస్థకు అప్పగించి, తన లెక్కల్లో తాను పడుతుంది. పని ముగిశాక చానెలే వచ్చి చెబుతుంది. వేలాది పరికరాలకు ఒకేసారి తోడుగా నిలవగల బలం ఈ యంత్రాలకు అక్కడి నుంచే వచ్చింది. లినక్స్ మాత్రం 1991లో ఇంటెల్ 386 ప్రాసెసర్ ఉన్న బల్లమీది కంప్యూటర్ కోసం పుట్టింది.

ఈ రెండింటినీ కలపాలన్న ప్రయత్నం ముందు ఐబీఎం బయట మొదలైంది. లినాస్ వెప్‌స్టాస్ అనే ప్రోగ్రామర్ చొరవతో, కొందరు స్వచ్ఛందంగా చేరి, ‘బిగ్‌ఫుట్’ పేరుతో పని ప్రారంభించారు. అదే కాలంలో జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఐబీఎం ప్రయోగశాల ఇంజినీర్లు పెద్దగా చాటింపు లేకుండా తమ దారిన తాము లినక్స్‌ను మారుస్తున్నారు. 1999 డిసెంబరు 18న ఆ మార్పులను లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ 2.2.13 వెర్షన్‌కు చేర్పులుగా అందరికీ విడుదల చేశారు. న్యూయార్క్ రాష్ట్రంలో, ఐబీఎం మెయిన్‌ఫ్రేములు తయారయ్యే పొకిప్సీ ఊళ్లోనే ఉన్న మారిస్ట్ కాలేజీ వాటిని పంచిపెట్టే కేంద్రమైంది. బిగ్‌ఫుట్ అక్కడితో ఆగింది. 2000లో జర్మనీకే చెందిన సూసే సంస్థ మెయిన్‌ఫ్రేమ్ కోసం తన డిస్ట్రిబ్యూషన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. రెడ్‌హ్యాట్, డెబియన్ ఆ తర్వాత వచ్చాయి. ఉబుంటు 2016లో చేరింది.

బోబ్లింగెన్ ఇంజినీర్లకు ఎదురైన చిక్కుల్లో మొదటిది చిరునామాల పొడవు. ఆనాటి ఎస్/390 యంత్రాల్లో మెమరీ చిరునామా 32 బిట్లు కాదు, 31. పాత 24 బిట్ల ప్రోగ్రాములు కూడా నడవాలి కాబట్టి, నడుస్తున్నది ఏ పద్ధతో చెప్పడానికి పై బిట్టును కేటాయించారు. దాంతో ఒక ప్రోగ్రాముకు 2 జీబీకి మించి మెమరీ కనబడదు. 2000లో వచ్చిన జెడ్900 యంత్రం 64 బిట్లకు మారాక ఆ ఇబ్బంది తీరింది. 31 బిట్ల కెర్నల్‌ను 2015లో 4.1 వెర్షన్‌తో తొలగించారు. రెండో చిక్కు, అంకెలను మెమరీలో దాచే వరుస. ఇంటెల్ ప్రాసెసర్లు చిన్న స్థానపు బైటును ముందు పెడతాయి, మెయిన్‌ఫ్రేమ్ పెద్ద స్థానపు బైటును ముందు పెడుతుంది. ఇంటెల్ వరుసను నమ్ముకుని రాసిన ప్రోగ్రాములన్నీ ఇక్కడ తప్పు జవాబులిచ్చాయి. మూడోది అక్షరాలు. లినక్స్‌కు తెలిసిన ఆస్కీ పద్ధతిలో ఇంగ్లిష్ పెద్ద ‘ఎ’ సంఖ్య 65. మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్సిడిక్ పద్ధతిలో అదే అక్షరం 193.

ఒక విషయంలో మాత్రం ఆ తొలి విడుదల మనసుకు పట్టదు. కెర్నల్ మార్పులన్నీ మూలంతో (సోర్స్ కోడ్‌తో) సహా ఇచ్చిన ఐబీఎం, కొన్ని నెట్‌వర్క్ డ్రైవర్లను మాత్రం తయారైన రూపంలోనే ఇచ్చింది. ఒక కెర్నల్ వెర్షన్ కోసం కట్టిన డ్రైవరు మరో వెర్షన్‌లో పనిచేయదు. కెర్నల్‌ను తన అవసరానికి తగ్గట్టు తిరిగి కట్టుకున్నవాడికి నెట్‌వర్క్ పోయేది. సగం తెరిచిన తలుపు ఓపెన్ సోర్స్‌లో ఎంత ఇబ్బందో వాడుకరులకు అప్పుడే తెలిసింది. కొన్నేళ్లకు ఆ డ్రైవర్ల మూలాన్ని కూడా విడుదల చేశారు.

ఇక ఇన్‌స్టాలేషన్. మెయిన్‌ఫ్రేమ్ మీద లినక్స్ ఎక్కువగా జెడ్/వీఎం అనే హైపర్‌వైజర్ కింద నడుస్తుంది. ఒక యంత్రాన్ని అనేక వర్చువల్ మెషీన్లుగా పంచడం ఇతర సర్వర్లకు తెలియని రోజుల్లోనే, అంటే 1972లోనే, ఐబీఎం దీని పూర్వీకుడైన వీఎం/370ని ప్రకటించింది. జెడ్/వీఎం ఇచ్చే ప్రతి వర్చువల్ మెషీన్‌కూ ఒక కార్డ్ రీడర్, ఒక కార్డ్ పంచ్, ఒక ప్రింటర్ ఉంటాయి. పంచ్ కార్డులు లోకం నుంచి వెళ్లిపోయి దశాబ్దాలు గడిచినా ఆ పరికరాలు ఊహారూపంలో మిగిలాయి. లినక్స్ తొలిసారి అడుగుపెట్టేది ఆ కార్డ్ రీడర్ గుండానే. మూడు ఫైళ్లను వరుస తప్పకుండా పంచ్ చేయాలి: ముందు కెర్నల్, తర్వాత పారామీటర్ల ఫైలు, చివర ఇన్‌స్టాలర్ ఉండే తాత్కాలిక ఫైల్ సిస్టమ్. ఆ మూడూ 00సీ చిరునామా గల రీడర్‌లో చేరాక, అక్కడి నుంచి ఐపీఎల్ చేయమని ఆదేశిస్తారు. మిగతా లోకం బూట్ అనేదాన్ని మెయిన్‌ఫ్రేమ్ లోకం ఐపీఎల్ అంటుంది.

కొత్తవాళ్ల పని ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. కార్డుకు 80 నిలువు వరుసలు గనుక, కెర్నల్ ఫైలును 80 బైట్ల రికార్డులుగా చేరవేయాలి. చేరవేసేటప్పుడు బైనరీ పద్ధతి ఎంచుకోకపోతే, మధ్యలోని వ్యవస్థ దాన్ని అక్షరాల ఫైలనుకుని ఆస్కీ నుంచి ఎబ్సిడిక్‌లోకి మార్చేస్తుంది. కెర్నల్ పాడవుతుంది. యంత్రం ఐపీఎల్ ఆదేశం తీసుకుని, ఏ సందేశమూ లేకుండా నిలిచిపోతుంది. పారామీటర్ల ఫైలుకు మాత్రం ఆ మార్పిడి కావాల్సిందే, అది చదువుకునే అక్షరాల ఫైలు కాబట్టి. పక్కపక్కనే ఉన్న రెండు ఫైళ్లను రెండు రకాలుగా పంపాలన్న సంగతి చాలామందికి ముందుగా తట్టదు.

కెర్నల్ లేచాక కూడా తెర మామూలుగా ఉండదు. కన్సోల్‌గా వాడే 3270 టెర్మినల్ అక్షరం అక్షరం పంపదు. ఎంటర్ నొక్కినప్పుడు టైపు చేసిందంతా ఒక్కసారిగా పంపుతుంది. కర్సర్‌తో తిరుగుతూ దిద్దే ‘వీఐ’ లాంటి ఎడిటర్లు ఈ కన్సోల్ మీద నడవవు. అందుకని కన్సోల్‌ను నెట్‌వర్క్ లేపడానికి మాత్రమే వాడి, అక్కడి నుంచి వేరే కంప్యూటర్ ముందు కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్ లేదా వీఎన్‌సీ ద్వారా ఇన్‌స్టాలర్‌ను నడుపుతారు. నెట్‌వర్క్ లేవడానికి మామూలు ఐపీ చిరునామా, గేట్‌వే చాలవు. ఓఎస్ఏ అనే నెట్‌వర్క్ కార్డు ఒక పరికరంగా కనబడదు, మూడుగా కనబడుతుంది. చదవడానికొకటి, రాయడానికొకటి, సమాచారానికొకటి. 0.0.0600, 0.0.0601, 0.0.0602 అన్నట్లు ఆ మూడు చిరునామాలనూ పారామీటర్ల ఫైలులో రాసి ఇవ్వాలి. ఇవన్నీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ముందుగా కేటాయించినవై ఉండాలి. అందుకే అనుభవజ్ఞులు ఇన్‌స్టాలేషన్‌ను కాగితం మీద మొదలుపెడతారు. చిరునామాలు, డిస్కులు, పేర్లు రాసుకున్నాకే యంత్రం దగ్గరికి వస్తారు.

తర్వాత డిస్కులు. మెయిన్‌ఫ్రేమ్ డిస్కును డాజ్‌డీ అంటారు. బైట్ల లెక్కన కాక సిలిండర్లు, ట్రాకుల లెక్కన దాని కొలత. 1989 నాటి 3390 డిస్కు ఇప్పుడు ఎక్కడా తిరగడం లేదు గానీ, నేటి స్టోరేజ్ పెట్టెలు దాన్నే అనుకరిస్తాయి. 3390 మోడల్ 3లో 3,339 సిలిండర్లు, సిలిండర్‌కు 15 ట్రాకులు. లినక్స్ ఒక్కో ట్రాకులో 4,096 బైట్ల బ్లాకులు 12 పట్టిస్తుంది. లెక్క కడితే 2.4 జీబీ పైచిలుకు వస్తుంది. ఈ రోజుల్లో అది ఒక డిస్ట్రిబ్యూషన్‌కు సరిపోయీ సరిపోని చోటు. అందుకే పెద్ద డిస్కులు తీసుకోవడమో, అనేక డిస్కులను ఎల్‌వీఎం అనే సాధనంతో కలపడమో చేస్తారు. వాడే ముందు ప్రతి ట్రాకునూ ఫార్మాట్ చేయాలి. పర్సనల్ కంప్యూటర్‌లో క్షణంలో అయ్యే పని ఇక్కడ డిస్కు పెద్దదయ్యేకొద్దీ చాలాసేపు నడుస్తుంది. పార్టిషన్లు మూడుకు మించి కుదరవు. ఫైబర్ చానెల్ దారిలో ఎస్‌సీఎస్‌ఐ డిస్కులు వాడితే ఈ హద్దులుండవు గానీ, ప్రతి డిస్కుకూ 16 అక్షరాల పొడవున్న గుర్తింపు సంఖ్యలు రెండేసి ఇవ్వాల్సి వస్తుంది.

జెడ్/వీఎం లేకుండా, యంత్రాన్ని హార్డ్‌వేర్ స్థాయిలోనే భాగాలుగా విడగొట్టిన ఎల్‌పార్‌లో లినక్స్ వేయడం మరో పద్ధతి. అక్కడ కార్డ్ రీడర్ ఉండదు. హెచ్‌ఎంసీ అనే నిర్వహణ కంప్యూటర్ నుంచి లోడ్ చేస్తారు. ఇక్కడ ప్రమాదం వేరు. ఆ ఎల్‌పార్‌కు అందేలా పెట్టిన పరికరాలన్నీ లినక్స్‌కు కనబడతాయి. వేలల్లో ఉండవచ్చు. వాటిలో బ్యాంకు ఖాతాలు నడిపే మరో ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులూ ఉండవచ్చు. పొరపాటున వాటిలో ఒకదాన్ని ఫార్మాట్ చేస్తే జరిగే నష్టం ఊహించలేనిది. ఆ భయంతోనే, పరికరాలన్నిటినీ చూడనట్టే వదిలేసి, పేరుపేరునా చెప్పినవాటినే తెరిచే ఏర్పాటు కెర్నల్‌లో ఉంది. మెయిన్‌ఫ్రేమ్ లినక్స్‌లోని జాగ్రత్తల్లో దీనంత విలువైనది మరొకటి లేదు.

ఫైళ్లన్నీ డిస్కుకు చేరాక చివరి పని ‘జిప్ల్’ అనే బూట్ లోడర్‌ది. అది కెర్నల్ డిస్కు మీద ఏయే బ్లాకుల్లో ఉందో ఒక జాబితా రాసిపెడుతుంది. ఐపీఎల్ సమయంలో యంత్రం ఆ జాబితానే చదువుతుంది, ఫైలు పేర్లు దానికి తెలియవు. కెర్నల్ మార్చినప్పుడల్లా జిప్ల్ మళ్లీ నడవాలి. ఇప్పటి డిస్ట్రిబ్యూషన్లు ఆ పని తామే చేస్తాయి.

నడవడం మొదలయ్యాక మరో రకం సమస్య బయటపడింది. ఆనాటి లినక్స్ పని ఉన్నా లేకపోయినా సెకనుకు 100 సార్లు మేల్కొని గడియారం చూసుకునేది. ఒక కంప్యూటర్‌లో అది లెక్కలోకి రాదు. ఒకే ప్రాసెసర్‌ను వందల లినక్స్‌లు పంచుకునే చోట, ఏ పనీ లేనివి కూడా ప్రాసెసర్‌ను తినేసేవి. పని లేనప్పుడు ఈ మేల్కొలుపులను (టిక్కులను) ఆపే మార్పును మెయిన్‌ఫ్రేమ్ ఇంజినీర్లు ముందే చేశారు. అదే కోవలోని ఏర్పాటు 2007లో 2.6.21 కెర్నల్‌తో ఇంటెల్ యంత్రాలకూ వచ్చింది. ల్యాప్‌టాప్‌ల బ్యాటరీకి అది మేలు చేసింది. మెమరీ సంగతీ ఇలాంటిదే. ఖాళీ మెమరీ కనబడితే లినక్స్ దాన్ని డిస్కు సమాచారంతో నింపుకుంటుంది. పక్కవారితో పంచుకునే చోట ఆ అలవాటు నష్టం. కాబట్టి జెడ్/వీఎం కింద ఒక్కో లినక్స్‌కు అవసరమైనంతే మెమరీ ఇవ్వమన్నది పాతవాళ్ల సలహా.

ఇంత శ్రమకు కారణం ఒకే పెట్టెలో పట్టే సర్వర్ల సంఖ్య. 2000లో జరిగిన ఒక పరీక్షలో ఒకే మెయిన్‌ఫ్రేమ్ మీద 41,400 లినక్స్ వర్చువల్ మెషీన్లను లేపారు. హద్దు ఎక్కడుందో చూడడానికి చేసినదే తప్ప అన్నీ కలిసి పని చేయడానికి కాదు. అయినా ఆ అంకె చాలామంది చూపు మార్చింది. అదే ఏడాది ఐబీఎం ఐఎఫ్ఎల్ అనే ప్రాసెసర్‌ను తెచ్చింది. లినక్స్ పనులకే పరిమితమైన ఆ ప్రాసెసర్‌ను, యంత్రం సామర్థ్యాన్ని బట్టి కట్టే పాత మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ అద్దెల లెక్కలో కలపరు. లినక్స్ చేరినందుకు పాత సాఫ్ట్‌వేర్ ఖర్చు పెరగదన్న హామీ లేకపోతే చాలా సంస్థలు ఇటు చూసేవి కావు. 2015లో లినక్స్ కోసమే లినక్స్‌వన్ యంత్రాలు వచ్చాయి. తొలి రెండు మోడళ్లకు ఎంపరర్, రాక్‌హాపర్ అని పెంగ్విన్ జాతుల పేర్లు పెట్టారు.

కోట్ల విలువైన యంత్రం అందుబాటులో లేని విద్యార్థి కూడా ఇదంతా నేర్చుకోవచ్చు. రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టిన హెర్క్యులీస్ అనే ఉచిత ఎమ్యులేటర్ మామూలు ల్యాప్‌టాప్‌లో మెయిన్‌ఫ్రేమ్‌ను అనుకరిస్తుంది. వేగం తక్కువ. పైగా కొత్త డిస్ట్రిబ్యూషన్లు కొత్త ప్రాసెసర్ల ఆదేశాలు కోరుతున్నాయి. ఉదాహరణకు రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9కి కనీసం 2017 నాటి జెడ్14 తరం కావాలి. కాబట్టి హెర్క్యులీస్ మీద పాత వెర్షన్లు ఎంచుకోవడం మంచిది. కొత్త వెర్షన్లకు క్యూఈఎంయూ అనే మరో ఎమ్యులేటర్ నయం. కానీ అందులో సాధారణంగా వాడేది వర్చువల్ డిస్కులు కనుక ట్రాకులు ఫార్మాట్ చేసే అనుభవం దొరకదు. 3390 డిస్కును సిలిండర్ల లెక్కన సృష్టించి, ఫార్మాట్ చేసి, జిప్ల్ నడిపి, ఐపీఎల్ చేసి చూడాలనుకునేవారికి హెర్క్యులీసే దారి.