బదనిక కాని బదనిక

మామిడికొమ్మను అంటిపెట్టుకొని పెరుగు మొక్క ఏదైనను మన పల్లెలలో దానికి బదనిక యనియే పేరు. పేరొక్కటే గాని మొక్కలు వేరు. ఒకటి చెట్టు సారమును పీల్చి బ్రదుకును. మరియొకటి కొమ్మపై చోటు మాత్రమే పుచ్చుకొని, గాలిలోని తేమతోను, బెరడుపై జారు వాననీటితోను కాలము గడుపును. ఈ రెండవది వాండా టెస్సెల్లాటా యను ఆర్కిడ్ మొక్క. తోట బాగుచేయువారి కత్తికి ఈ భేదము తెలియదు గనుక మొదటిదాని నేరమునకు రెండవది శిక్ష ననుభవించుచున్నది.

ఈ తికమక నేటిది కాదు. అమరకోశము వందా, వృక్షాదని, వృక్షరుహ యను పేర్లను ఒక్కచోటనే చెప్పినది. వృక్షాదని యనగా చెట్టును తినునది. వృక్షరుహ యనగా చెట్టుపై మొలచునది. మన ఆర్కిడ్‌కు తగినది వృక్షరుహ యను పేరే. ఆ 'వందా' శబ్దమే పాశ్చాత్య శాస్త్రజ్ఞుల నోట 'వాండా' యైనది. ఈ మొక్కకు మొదట శాస్త్రీయ వర్ణన వ్రాసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1793లో కలకత్తా తోటకు పోవువరకు మన సామర్లకోటలో పెక్కేండ్లు ఉండెను. కోరమాండల్ తీరపు మొక్కలను గురించి 1795లో లండనులో వెలువడిన ఆయన గ్రంథమున దీని రంగుల చిత్రము కలదు.

పువ్వు లేని దినములలో వేరును చూడవలెను. అసలు బదనిక వేరు కొమ్మలోనికి చొచ్చుకొనిపోవును. అచ్చట కొమ్మ గడ్డకట్టి ఉబ్బియుండును. ఆకులు కోలగా, దళసరిగా ఉండును. వాండా వేళ్లు లావుగా, బూడిదవన్నెగా ఉండి బెరడుపై ప్రాకును, లేదా గాలిలో వ్రేలాడును. లోపలికి మాత్రము చొరవు. వాటిపై దోసెడు నీరు చల్లి చూడుడు. పైపొర నీటిని పీల్చుకొని, చూచుచుండగనే పచ్చబడును. ఆకులు పట్టీలవలె సన్నగా, నడుమ మడతపడి, రెండు వరుసలుగా అమరియుండును. వాటి కొనలు ఎలుక కొరికినట్లు ఎగుడుదిగుడుగా ఉండును.

వేసవిలో పూచినప్పుడు ఇక సందేహమే లేదు. జానెడు కాడకు ఐదారు మొదలు పది వరకు పూవులు. ఒక్కొక్కటి ఇంచుమించు రెండంగుళముల వెడల్పు. ఐదు రేకులపైన గచ్చుపలకలు పరచినట్లు గోధుమవన్నె గళ్లు. 'టెస్సెల్లాటా' యను మాటకు అర్థమిదియే. రేకు వెనుకవైపు తెలుపు. ఆరవ రేకు పెదవివలె ముందుకు చాచుకొని ఊదావన్నెతో మెరయును. పరిమళము కూడ కలదు.

రంగులను నమ్ముకొన్నచో చిక్కులో పడుదుము. ఒకదాని రేకులు ఆకుపచ్చ కలిసిన పసుపు, పొరుగుచెట్టుపైదాని రేకులు ముదురు గోధుమ. పెదవి ఒకచోట ఊదా, మరియొకచోట గులాబి. ఇవి వేర్వేరు మొక్కలని కొందరు వాదింతురు గాని, ఒకే మొక్కలోని వన్నెభేదములే. గళ్లు అణగిపోయినచోట రేకు వెనుకటి తెలుపును, ఆకు కొనను చూడవలెను. నిజముగా వేరైనవి రెండు కలవు. వాండా టెస్టేసియా పూవు పసుపుపచ్చన, నీలి పెదవితో గోరంత మాత్రమే ఉండును. అకాంపె ప్రీమోర్సా ఆకులు బిరుసుగా ఉండి, పసుపు రేకులపై ఎఱ్ఱని అడ్డచారలు గల చిన్నపూవులు దగ్గరదగ్గరగా గుత్తికట్టును.

వంగదేశమున దీని వేళ్లను రాస్న యని అమ్ముదురు. దక్షిణమున ఆ పేరు దుంపరాష్ట్రమునకు కూడ కలదు. ఇట్టి ఏకాభిప్రాయము లేని పేరును నమ్మి చెట్టుమీది మొక్కను పెరుకుట మాకు సమ్మతము కాదు. కాయలో ధూళివంటి విత్తనములు లెక్కకు మిక్కిలిగా ఉన్నను, వాటిలో మొలకకు కావలసిన ఆహారపు నిలువ లేదు. తగిన శిలీంధ్రము తోడైనగాని మొలవవు. మొలచినవి పూతకు వచ్చుటకు ఏండ్లు పట్టును.

అడవిలోని మొక్కను అడవిలోనే ఉండనిండు. గాలివానకు విరిగిన కొమ్మతో నేలబడినది దొరికినచో పెరటి మామిడికి కొబ్బరిపీచుతో వదులుగా కట్టి, వేళ్లకు గాలి తగులనిండు. కుండీలో మన్నుపోసి నాటినచో కుళ్లిపోవును.