దండునకు ఊరికి పొత్తు: సైనికస్థావరములు, పురపాలక సంఘములు, ఉమ్మడి సేవలు

స్కంధావారము, కటకము, దండు, పాళెము, విడిది: సైన్యము దిగియుండు తావునకు మన భాషలో వాడుకైన పేర్లివి. ఇందు పాళెమనునది ఎన్నియో గ్రామనామములకు తోకయై నేటికిని నిలిచియున్నది. దండు విడిసినచోట అంగడి వెలయును. అంగడి వెలసినచోట ఊరు పుట్టును. కౌటిల్యుడు అర్థశాస్త్రము పదవ అధికరణమున స్కంధావారమును నిర్మించు రీతిని వివరించుచు, పెద్దబాట వెంబడి వర్తకులకును చోటు చూపినాడు. కావున సైనికులు, పౌరులు ఒకేచోట నివసించుట క్రొత్త విషయము కాదు. కాలక్రమమున దండు కంటె ఊరు పెద్దదైనపుడు, ఆ ఊరికి నీరెవరు పోయవలెను, మురుగెవరు తీయవలెను, ఆ వెచ్చమెవరు భరింపవలెను అను ప్రశ్నయే క్రొత్తది. చెన్నపురి, సికింద్రాబాదు కంటోన్మెంటులను ముఖ్యముగా దృష్టియందుంచుకొని ఆ ప్రశ్నను ఇచట పరిశీలించెదను.

చెన్నపురివాసులు దీనిని చూచుటకు దూరము పోనక్కరలేదు. పరంగిమల, అనగా సెయింట్ థామస్ మౌంటు, 18వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి మద్రాసు ఫిరంగిదళమునకు నెలవు. 1963లో అధికారుల శిక్షణాలయము నెలకొన్నదియు అచటనే. ఆ మౌంటు, పల్లావరము కలిసి నేడొక కంటోన్మెంటు. 2011 జనాభా లెక్కలలో 40,000కు పైబడిన జనము. 2011లో ఆలందూరు చెన్నై నగరపాలకసంస్థలో కలియుటచేతను, 2021లో పల్లావరము పురపాలక సంఘము క్రొత్తగా ఏర్పడిన తాంబరం నగరపాలకసంస్థలో చేరుటచేతను, ఈ కంటోన్మెంటు రెండు మహానగర సంస్థల నడుమ చిక్కినది.

ఇరుగుపొరుగు ఇండ్లకు వేరువేరు ప్రభువులుండుటకు మూలము రాజ్యాంగము ఏడవ షెడ్యూలులోనే కలదు. స్థానిక పరిపాలనము రాష్ట్రజాబితాలో 5వ అంశము; కంటోన్మెంటులలోని స్థానిక పరిపాలనము మాత్రము కేంద్రజాబితాలో 3వ అంశము. కావున ఒకే వీధికి ఒకప్రక్క రాష్ట్రశాసనమును, రెండవప్రక్క పార్లమెంటు చేసిన 2006 నాటి కంటోన్మెంటుల చట్టమును వర్తింపవచ్చును. ఆ చట్టము ప్రకారము స్థానిక సేనానాయకుడు బోర్డునకు అధ్యక్షుడు. ఉపాధ్యక్షుడు ఎన్నికైన సభ్యులలోనివాడు. కార్యభారమంతయు కేంద్రము నియమించిన ముఖ్యకార్యనిర్వహణాధికారిది. ఇదికాక సైనికుల బారకాసులకు నీరు, విద్యుత్తు సరఫరా చేయుటకు మిలిటరీ ఇంజనీరింగు సర్వీసు వేరుగా ఉన్నది. ఇట్లు ఒక్క ప్రదేశమునకు మూడు చేతులు నీరు పోయుచుండును. మూడు చేతులున్నచోట మూడింతల నీరు వచ్చునని పాఠకులు భ్రమపడరాదు.

ధనవిషయము మరింత సూక్ష్మమైనది. రాజ్యాంగము 285వ అధికరణము ప్రకారము కేంద్రప్రభుత్వపు ఆస్తిపై రాష్ట్రముగాని, స్థానికసంస్థగాని పన్ను వేయరాదు. కాని ఆ ఆస్తి ముంగిట దారి వేయుటకును, చెత్త ఎత్తుటకును సొమ్ము కావలెను గదా! అందుచేత పన్నునకు బదులు సేవారుసుము ఇచ్చు పద్ధతిని కేంద్రము 1954లో ఏర్పరచెను. పురపాలక సేవలన్నిటిని వాడుకొను ఆస్తికి ఇతరులు కట్టు ఆస్తిపన్నులో 75 శాతము, కొన్నిటినే వాడుకొనుదానికి 50 శాతము, నేరుగా ఏ సేవయు పొందనిదానికి మూడవవంతు అనునది పిమ్మట స్థిరపడిన లెక్క. రాజకోట నగరపాలకసంస్థ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2009లో ఈ మార్గమునే బలపరచి, ఉభయులును ఒప్పందపత్రములు వ్రాసికొనవలెనని సూచించెను. కంటోన్మెంటు బోర్డులకును రక్షణశాఖనుండి సేవారుసుము రావలసియున్నది. అది సకాలమున రాదని సికింద్రాబాదువారు పలుమార్లు మొరపెట్టుకొనిరి. బకాయి అను మాట అరబ్బీనుండి పారసీకము మీదుగా మన భాషకు వచ్చినది. వచ్చినది మొదలు తీరినట్లు కానరాదు.

సికింద్రాబాదు కథ తెలుగువారమగు మనకు మరింత దగ్గరిది. 1798లో నిజాము ఇంగ్లీషు కుంపిణీతో చేసికొన్న సంధిననుసరించి హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున దిగిన దండునకు 1806లో సికందర్ జా పేర ఆ నామము కలిగెను. జనులు దానిని నేటికిని లష్కరనియే వ్యవహరింతురు. ఆషాఢమున జరుగునవి లష్కరు బోనాలు. 1813లో ఉజ్జయినికి పోయిన దండులో డోలీ మోయు సురటి అప్పయ్య, అచట వ్యాపించిన మహమ్మారి తగ్గినచో అమ్మవారికి గుడి కట్టింతునని మ్రొక్కుకొని, తిరిగివచ్చి మహంకాళిని ప్రతిష్ఠించెనని స్థలచరిత్ర. దండులోని కూలివాని మ్రొక్కు ఊరందరికి పండుగయైనది!

ఆ ఊరిలో కొంతభాగము 1945లో ప్రత్యేక పురపాలక సంఘమై, 1960లో హైదరాబాదు నగరపాలకసంస్థలో లీనమయ్యెను. మిగిలిన కంటోన్మెంటులో 2011 నాటికి రెండు లక్షలకు మించిన జనము కలరు. వీరికి వలయు నీరు హైదరాబాదు జలమండలి జలాశయములనుండియే రావలెను. జలమండలి మొత్తముగా నీరిచ్చును. బోర్డు తన గొట్టములద్వారా ఇంటింటికి పంచును. పైచూపునకు ఇది చక్కని పొత్తు. అయితే 2021 జనవరిలో గృహమునకు నెలకు 20,000 లీటర్ల నీటిని ఉచితముగా ఇచ్చు పథకము ఆరంభమైనపుడు, అది నగరపాలకసంస్థ పరిధిలోనివారికి కలిగినట్లు కంటోన్మెంటువారికి వెంటనే కలుగలేదు. తమకును వర్తింపజేయుడని వారు వేరుగా కోరవలసివచ్చెను. జలాశయమొక్కటే, నీరొక్కటే, చీటీపైని ముద్ర వేరు.

దారుల తగాదా ఇంకను పాతది. భద్రత నిమిత్తము సైన్యము కొన్ని బాటలను మూయుట, జనులు చుట్టుతిరిగి పోవలసివచ్చి మొరలిడుట ఏండ్లతరబడి సాగెను. 2018 మే నెలలో రక్షణశాఖ దేశమంతట కంటోన్మెంటులలో మూసిన బాటలను తెరువుడని ఆజ్ఞాపించెను. కరీంనగరు వైపు పోవు రాజీవ్ రహదారిపైనను, 44వ జాతీయ రహదారిపైనను ఎత్తువంతెనల దారులు కట్టుటకు రక్షణభూమి నిచ్చుటకు 2024 మార్చిలోగాని అనుమతి లభింపలేదు. సైన్యమునకు భద్రత అనవసరమని నా భావము కాదు. ఏ దారి ఎప్పుడు, ఎంతకాలము, ఎవరికి ముందు చెప్పి మూయవలెనో వ్రాతమూలకముగ లేనపుడు, న్యాయమైన మూతయు దౌర్జన్యమువలె తోచునని మాత్రమే చెప్పుచున్నాను.

ఆపత్కాలమున మాత్రము ఈ గోడలు ఆశ్చర్యకరముగా కరగిపోవును. 2015 డిసెంబరు వరదలలో చెన్నై విమానాశ్రయము మూతపడగా, అరక్కోణములోని నౌకాదళ విమానస్థావరమగు ఐ.ఎన్.ఎస్. రాజాళినుండి పౌరవిమానములు నడచెను. విశాఖపట్టణమున ఇది ఆపద్ధర్మము కాక నిత్యవ్యవహారమైనది, ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరపు పరుగుబాటనే నౌకాదళమును, పౌరవిమానములును పంచుకొనినవి. బాటయు, గగనయాన నియంత్రణమును నౌకాదళమునకు, ప్రయాణికుల భవనము విమానాశ్రయ ప్రాధికారసంస్థకు చెందియుండెను. దళమువారి అభ్యాసవేళలలో పౌరవిమానములు తగ్గవలసిన ఇబ్బంది లేకపోలేదు. అయినను ఎవరి పని ఏదియో ఇరువురికిని తెలిసియుండుటచేత ఆ పొత్తు దశాబ్దములు నిలిచినది. త్రాగునీటి విషయమున ఇట్టి స్పష్టత ఏల కుదరరాదు?

అమెరికాలో కుదిరినది. కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణమునందు ప్రెసీడియో అను సైనికస్థావరము కలదు. 1990ల దశకమునుండి అచటి కట్టడముల మరమ్మతు, వీధుల బాగోగులు మొదలగువానిని ఆ పట్టణ పాలకసంఘమే ఒప్పందముపై చేయసాగెను. పట్టణమున కెట్లును పనివారు, పనిముట్లు ఉండనే ఉన్నవి. స్థావరము వేరుగా వానిని పోషించుకొనుటకంటె వెల యిచ్చి వాడుకొనుట చౌక. ఈ అనుభవముననుసరించి 2013లో చేసిన శాసనము, స్థావరములు స్థానిక ప్రభుత్వములతో నేరుగా ఇట్టి ఒప్పందములు చేసికొనుటకు మార్గము సుగమము చేసెను. అచట స్థావరము పురపాలక సేవను కొనుచున్నది. మనకు కంటోన్మెంటే ఒక పురపాలక సంఘము. 2006 చట్టముకూడ దానిని అట్లే భావించుచున్నది. కావున వారి పద్ధతిని మక్కికి మక్కిగా దింపలేము. పని పట్టిక, వెల, కొలత, జవాబుదారి అను నాలుగు మాటలను వ్రాతలో పెట్టు అలవాటును మాత్రము గ్రహింపవచ్చును.

కంటోన్మెంటులలోని పౌరప్రాంతములను పురపాలక సంస్థలలో కలిపివేసిన చిక్కంతయు తీరునని కొందరందురు. 2023 ఏప్రిలులో హిమాచలప్రదేశములోని యోల్ కంటోన్మెంటు అట్లు రద్దయినది. మౌంటు, సికింద్రాబాదులగూర్చియు ఆ ఆలోచన బయలుదేరినది. పౌరసేవలకు వాడబడు ఆస్తులు అప్పులతో సహా ఉచితముగా బదిలీ యగునని 2024లో కేంద్రము మార్గదర్శకములు వెలువరించెను. నేను ఈ విలీనమునకు విరోధిని కాను. ఓటు వేయు హక్కు దృష్ట్యా దానికి బలమైన కారణమే కలదు: 2015లో ఎన్నికైన బోర్డుల గడువు పొడిగింపుతో సహా 2021లో ముగిసెను, పిదప నియమితుడైన ఒక్క పౌరసభ్యుడు ప్రజలందరికి బదులు కూర్చుండెను, 2023 ఏప్రిల్ 30న జరుపబూనిన ఎన్నికలు మార్చిలోనే రద్దయినవి. అయినను సరిహద్దురేఖ జరిగినంతమాత్రమున గొట్టములు జరుగవు. బారకాసులు ఉన్నచోటనే యుండును. వాని మురుగు ఊరి కాలువలోనికే పారును. విలీనము పిమ్మట పొత్తు అవసరము పెరుగునే గాని తగ్గదు.

మా తరగతిలో పిల్లలచే అధికారులకు లేఖలు వ్రాయింతును. తమ వీధి కాలువనుగూర్చి వ్రాయుడనగా, కంటోన్మెంటు అంచున నివసించు ఒక బాలిక లేఖనంతయు చక్కగా వ్రాసి, సంబోధనచోటు ఖాళీగా విడిచినది. “కమిషనరుగారికా, సి.ఇ.ఓ.గారికా, మాస్టారూ?” అని అడిగినది. ఇది వ్యాకరణముచే తీరు సందేహము కాదు.

2024 డిసెంబరు మొదటివారమున పల్లావరమున పలువురు వాంతులు, విరేచనములతో ఆసుపత్రులపాలైరి, మరణములును సంభవించెను. త్రాగునీరు కలుషితమైనదని నివాసులనిరి. నీరు కారణము కాదని రాష్ట్రమంత్రి యనెను. రోగము తగిలిన వీధులు కొన్ని తాంబరం నగరపాలకసంస్థలోనివి, కొన్ని కంటోన్మెంటులోనివి. ఇట్టిచోట కావలసినవి గొప్ప సంస్కరణములు కావు. రెండు సంస్థల గొట్టములును, మిలిటరీ ఇంజనీరింగు సర్వీసు గొట్టములును చూపు పటమొక్కటి. హద్దుకిరువైపుల ఒకేనాడు నీటిని తీసి ఒకే ప్రయోగశాలలో పరీక్షించు ఏర్పాటు. పగిలిన గొట్టము హద్దుపై నున్నపుడు మొదట బాగుచేసి, పిదప ఖర్చు పంచుకొందుమను ఒక నిబంధన. ఫిర్యాదులకు ఉభయులకును చెల్లునట్టి ఫోను సంఖ్య ఒకటి. పరీక్షాఫలితములను రెండు కార్యాలయముల గోడలపైనను తమిళమునను, మనవారు నివసించు వీధులలో తెలుగునను వ్రాసి అంటింపవలెను.