మొరాయించిన బోల్టు

పాతకారు ఉన్నవారికి సైలెన్సరు బోల్టుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అందులోనూ విశాఖపట్నం వంటి సముద్రపుటొడ్డు ఊళ్ళో కాపురమైతే మరీని! మాది అంబాసడరు. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. కనుక బోల్టొకటి విరిగి ఇంజను హెడ్డులో ఉండిపోయిందంటే, పోయేది బోల్టు ఖరీదు కాదు. హెడ్డు కోసం పాతసామాన్ల దుకాణాలన్నీ గాలించాలి. అందుకే మేస్త్రీ పానా పట్టినప్పుడల్లా నేను పక్కనే నిలబడతాను.

ఇనుము తుప్పుగా మారితే మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య సందు వెంట్రుకవాసి. తుప్పు అందులో ఉబ్బి, రెంటినీ ఏకం చేస్తుంది. అప్పుడు బలంకొద్దీ తిప్పితే, తుప్పు వదలకముందే బోల్టు మెడ తెగుతుంది.

మా మేస్త్రీ మొదటిరోజు చేసేదల్లా, బోల్టులను ఇనుపబ్రష్షుతో రుద్ది, నూనె పోసి ఇంటికి పోవడమే. మా ఆవిడకిది బొత్తిగా నచ్చదు.

"నూనె పోసి పోవడానికి కూలెందుకయ్యా?" అన్నది ఒకసారి.

"దాని పని అది చెయ్యాలి కదమ్మగారూ! ఇప్పుడు తిప్పితే తల నా చేతికొస్తాది, మొండెం లోపలుండిపోతాది," అన్నాడు.

పూర్వం కిరసనాయిలే దిక్కు. ఇప్పుడు డబ్బాలలో రకరకాల నూనెలు వచ్చాయి. అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో క్షిపణుల లోహానికి తేమ తగలకుండా తయారుచేశారు. నలభయ్యవ ప్రయత్నం ఫలించింది కనుక ఆ అంకె. అయితే మొరాయించిన బోల్టుకు, సందుల్లోకి చొరబడేందుకే చేసిన నూనె మేలు.

మర్నాడు సుత్తితో బోల్టు తలమీద చిన్న చిన్న దెబ్బలు. ఆ అదురుకు తుప్పు బీటలు వారి, నూనెకు దారి దొరుకుతుంది. పన్నెండు మూలల సాకెట్టును అతడు దగ్గరకు రానివ్వడు. అరిగిన తలను అది గుండ్రం చేసేస్తుంది. ఆరు పలకలదే వాడతాడు. అసలు తమాషా ఏమిటంటే, ముందు విప్పడు, రవ్వంత బిగిస్తాడు! పట్టు సడలగానే పావుచుట్టు వెనక్కి, కాస్త ముందుకి, మళ్ళీ నూనె.

దానికీ లొంగకపోతే నట్టును గ్యాసుమంటతో కాలుస్తాడు. నట్టు వ్యాకోచిస్తుంది. వేడిమీద కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి లోపలికి దిగుతుంది. పెట్రోలు గొట్టం, బ్రేకుల రబ్బరు పైపు దగ్గరలో ఉంటే మాత్రం మంట జోలికి పోరాదు.

ఇన్ని చేసినా తల తెగితే, మొండెం నడిబొడ్డున గుర్తుపెట్టి, ఎడమవైపు తిరిగే బరమాతో తొలుస్తాడు. ఒక్కొక్కప్పుడు ఆ తొలిచే ఊపుకే మొండెం బయటికి వచ్చేస్తుంది. రాకపోతే మొండెంమీద కొత్త నట్టు వెల్డింగు చేయించి తిప్పుతాడు.

కొత్త బోల్టులకు రాగిపొడి కలిసిన గ్రీజు పూసి బిగిస్తాడు. చక్రాల నట్లకు మాత్రం పూయడు. వాటిని ఎంత బిగించాలన్న లెక్క పొడి మరలకు కట్టింది. గ్రీజు ఉంటే అదే బలానికి అతిగా బిగుసుకొని బోల్టు సాగిపోతుంది.