సూలగిత్తి నరసమ్మగారు

పావగడ అనగానే మనవాళ్లలో చాలమందికి శనిమహాత్ముని గుడి జ్ఞాపకం వస్తుంది. ఇంకొంచెం యెరిగినవారు కొండమీది కోటను, ఉత్తరపినాకిని ఒడ్డున వున్న నాగలమడిక సుబ్బరాయుణ్ణి కూడ తలచుకొంటారు. యీ మధ్యవారైతే 13,000 ఎకరాలలో పరచిన సూర్యవిద్యుత్తు పలకల మాట యెత్తుతారు. మేము యీ నెల చెప్పదలచినది వీటిని గురించి కాదు. ఆ తాలూకాలో పుట్టి, 70 యేండ్లపాటు పురుళ్లు పోసి, 2018 డిసెంబరు 25వ తేదీన 98 యేండ్ల వయస్సున కన్నుమూసిన ఒక అవ్వను గురించి. ఆమె యింటిభాష తెలుగు.

పావగడ తుమకూరు జిల్లాలోది. కాని పటం విప్పి చూస్తే దాని చుట్టూ దాదాపు అంతా అనంతపురం సీమే కనిపిస్తుంది. ఇటు మడకశిర, అటు పెనుకొండ, పైన కల్యాణదుర్గం. ఒక ఇంట కన్నడం, పక్కింట తెలుగు, సంతలో రెండూను. వానలు తక్కువ, బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. వేరుసెనగ పండితే పండినట్లు, లేకుంటే వలసపోవలసిందే. అటువంటి చోట కృష్ణాపురమనే చిన్న పల్లెలో, ఊరూరు తిరిగి బ్రతికే సంచారజాతివారి కుటుంబంలో నరసమ్మగారు 1920 ప్రాంతాన పుట్టినారు. బడి ముఖం చూడలేదు. పన్నెండో యేట పెండ్లి. పన్నెండుమంది బిడ్డలు. అందులో నలుగురు చిన్నతనాననే పోయినారు.

ఆమె విద్యకు గురువు ఆమె అవ్వే. ఆ అవ్వ మంత్రసాని. నరసమ్మగారి కాన్పులలో అయిదింటిని ఆ అవ్వే చూచినదట. తనకు తాను నొప్పులు పడుతూ, అవ్వ చేతులెట్లా పనిచేస్తున్నవో గమనించి నేర్చుకొన్న చదువు అది. 1940లో, తనకు ఇరవై యేండ్లప్పుడు, దగ్గర చుట్టరికపు ఆడమనిషికి తానే మొదటిసారి పురుడు పోసినారు. ఊరికి వచ్చిపోయే సంచారజాతులవారి దగ్గర చెట్లమందులు కొన్ని తెలుసుకొన్నారు.

కన్నడంలో మంత్రసానిని ‘సూలగిత్తి’ అంటారు. రానురాను ఆ మాటే ఆమెకు ఇంటిపేరైపోయినది. మనవారిలో కొందరు దీనిని వింతమాట అనుకొంటారు గాని, కాదు. కన్నడపు ‘సూలు’, మన ‘చూలు’ ఒక్కటే. గర్భిణిని చూలాలు అన్నామే, అదే. ఇక చివర వున్న ‘గిత్తి’ మన సొగసుకత్తెలోని ‘కత్తె’ వంటి ఆడపేరు గుర్తు. కాబట్టి సూలగిత్తి అంటే చూలు సంగతి చూచే ఆడది. మన ‘మంత్రసాని’ కన్న యీ మాటే పనికి దగ్గరగా వున్నదని మా అభిప్రాయం. ఆ పనిలో మంత్రం పాలు తక్కువ, చేతి పాలు ఎక్కువ.

1940 అంటే ఎటువంటి కాలమో నేటివారు కొంచెం ఊహించుకోవాలి. అప్పటికి పెనిసిలిన్ ఇంకా ఏ మందుల షాపుకూ రాలేదు. పురిటిజ్వరం తగిలితే దేవుడే దిక్కు. మైసూరు సంస్థానంవారు బెంగుళూరులో వాణీవిలాస ప్రసూతి ఆసుపత్రి కట్టించి అయిదేండ్లయినది, నిజమే. కాని పావగడకూ బెంగుళూరుకూ నడుమ సుమారు నూరు మైళ్లు. అర్ధరాత్రి నొప్పులు మొదలైతే ఎద్దులబండి కట్టుకొని నూరు మైళ్లు ఎవరు పోతారు? పక్కవీధి నుంచి లాంతరు పట్టుకొని వచ్చే మంత్రసానే డాక్టరు, నర్సు, అన్నీను. బిడ్డ అడ్డం తిరిగినా, కాళ్లు ముందుకు వచ్చినా, మాయ పడక నిలిచిపోయినా ఆ చేతులే చూచుకోవాలి. మంత్రసానితనానికి ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినా పట్టవలసిందేనని సామెత. సామెత చెప్పి నవ్వుకొనేవారు ఆ పట్టవలసిన మనిషి గుండె ఎట్లా కొట్టుకొంటుందో ఆలోచించినట్లు కనబడదు.

నరసమ్మగారు కడుపుమీద చేయి వేసి, బిడ్డ తల ఎటున్నదో, నాడి ఎట్లా వున్నదో చెప్పేవారని ఆమెను చూచినవారందరు చెప్పుతారు. దీనిని మహిమ అనుకోనక్కరలేదు. నర్సింగు స్కూళ్లలో నేటికీ ఇదే నేర్పుతారు. లియోపోల్డ్ అనే జర్మను వైద్యుడు పందొమ్మిదో శతాబ్దంలో దీనికొక క్రమం ఏర్పరచినాడు. మొదట కడుపు పైభాగాన రెండు చేతులు పెట్టి అక్కడ వున్నది తలా, పిరుదులా చూడడం. పిదప రెండు పక్కలా తడిమి వీపు ఎటువున్నదో తెలుసుకోవడం. కడకు కింద పట్టి తల దిగినదీ లేనిదీ నిర్ణయించడం. గట్టిగా గుండ్రంగా చేతికి ఆడేది తల, మెత్తగా వుండేది పిరుదులు. విద్యార్థినులు దీనిని బొమ్మ చూచి నేర్చుకొని, తర్వాత కొన్ని పదుల కడుపులు తడిమి చేయి కుదుర్చుకొంటారు. నరసమ్మగారికి బొమ్మ లేదు. తడిమిన కడుపులు మాత్రం వేలు.

ఎన్ని వేలంటే 15,000కు పైగా అని లోకమంతా చెప్పుకొన్నది. చదువురాని మనిషి లెక్కపుస్తకం పెట్టుకోలేదు గనుక ఒకటీ అరా హెచ్చుతగ్గులుండవచ్చు. మేమొకసారి భాగించి చూచినాము. 70 యేండ్లకు పంచితే యేడాదికి 214, వారానికి నాలుగు. ఒక మనిషి వారానికి నాలుగు రాత్రులు నిద్ర మానుకొని, తన ఇంట ఎనిమిదిమంది బిడ్డలను సాకుతూ, యీ పని చేసినదన్న మాట. అదీ డబ్బు పుచ్చుకోకుండ.

ఇక్కడ మనం మన ఇండ్ల సంగతి కూడ కొంచెం చెప్పుకోవాలి. పూర్వం మంత్రసానికి ఇచ్చినదేమిటి? పురుటిస్నానంనాడు ఒక చీరె, చేటెడు బియ్యం, కొబ్బరికాయ, తాంబూలం. మగబిడ్డ ఐతే పైన ఒక రూపాయి. ఆడబిడ్డ ఐతే ముఖం చిట్లింపు. ఆ మనిషి మన తల్లుల ప్రాణం కాపాడుతుంది, బొడ్డు కోస్తుంది, మైలగుడ్డలు ఉతుకుతుంది. పురిటిగదిలోనికి పెరటి తలుపున రానిస్తారు. పదకొండోనాడు ఇల్లు శుద్ధి కాగానే వంటింటి గడప దాటనీయరు. ఎక్కువచోట్ల ఆమెది చిన్నచూపుకు గురియైన కులమే. యీ ముచ్చట మన పత్రికలో వ్రాస్తే కొందరు పెద్దలకు రుచించకపోవచ్చు. ఐనా వ్రాయక తప్పదు.

పాత పద్ధతి అంతా మంచిదేనని మేము అనబోము. కొడవలితో బొడ్డు కోసి, కోసినచోట పేడో బూడిదో అద్దడం మన పల్లెలలో అనేకచోట్ల వున్నదే. దానివల్ల పుట్టిన వారం పది దినాలకే ధనుర్వాతం కమ్మి ఎందరు పసికందులు పాలు కుడవలేక దవడలు బిగుసుకొని పోయినారో లెక్కలేదు. గర్భిణులకు వేసే ధనుర్వాతపు టీకాలు, శుభ్రమైన బ్లేడు, ఆసుపత్రి కాన్పులు కలిసి ఆ పీడను తరిమినవి. 2015లో గాని మన దేశం ఆ జబ్బునుండి బయటపడినట్లు చెప్పుకోగలిగే స్థితి రాలేదు. రక్తస్రావం ఆగకపోతే ఎంత మంచి చేయి ఐనా చాలదు. సూది కావాలి, ఎక్కించేందుకు రక్తం కావాలి.

ఆసుపత్రికి పోవడం మనవాళ్లు ఎంత ఆలస్యంగా మొదలుపెట్టినారో కేంద్ర ప్రభుత్వంవారి కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే తెలుస్తుంది. 1992–93లో దేశంలో నూటికి 26 కాన్పులు మాత్రమే ఆసుపత్రిలో జరిగినవి. తక్కిన 74 ఇండ్లలోనే. 2019–21 నాటి సర్వేలో ఆసుపత్రి కాన్పులు నూటికి 89 దాకా పెరిగినవి. అంటే నరసమ్మగారు పని మొదలుపెట్టిన 50 యేండ్ల తర్వాత కూడ నలుగురు తల్లులలో ముగ్గురు అట్లాంటివారి చేతులమీదనో, ఇంటి పెద్దావిడ చేతులమీదనో ఆధారపడినవారే. ఆ అరశతాబ్దం ఆసుపత్రులు చేయని పనిని చేసినది వీరు.

తనతో విద్య పోకూడదని ఆమె సుమారు 180 మందికి నేర్పినారట. తన ఇంటివారికీ నేర్పినారు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చినవి. కర్ణాటక ప్రభుత్వంవారు తొంభై దాటిన తర్వాత ఆమెను సన్మానించినారు. తుమకూరు విశ్వవిద్యాలయం 2014లో గౌరవ డాక్టరేటు ఇచ్చినది. నల్లపలక పట్టని అవ్వ డాక్టరు నరసమ్మ ఐనది! 2018లో రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు పద్మశ్రీ ఇచ్చినారు. ఆ యేడు చివరనే ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, బెంగుళూరు ఆసుపత్రిలో కృత్రిమశ్వాస మీద కొన్నిదినాలుండి పోయినారు.

ఒక చిన్న ముచ్చట. మన పల్లెలలో సర్కారు నర్సును జనం ‘నర్సమ్మ’ అంటారు. నీలిచీరె కట్టుకొని, సంచిలో టీకాలు పెట్టుకొని ఇంటింటికీ తిరిగే ఆ అమ్మాయికి అది ఉద్యోగం పేరు. పావగడ అవ్వకు నరసమ్మ నరసింహస్వామి పేరుమీద వచ్చిన సొంతపేరు. చెవికి మాత్రం రెండూ ఒకటే. సర్టిఫికెటు వున్న నర్సమ్మ వచ్చేదాకా, ఏ సర్టిఫికెటూ లేని యీ నరసమ్మ ఆ తాలూకాలో నిలబడి వున్నది.

మన సంఘంలో అరవై దాటినవారిలో చాలమంది ఇంట పుట్టినవారే. స్కూలులో చేర్చేనాడు మేష్టరు తోచిన తేదీ వేసి పుట్టినరోజు చేసినవారూ వున్నారు. బొడ్డు కోసిన చేయి ఎవరిదో అమ్మమ్మలను, నాయనమ్మలను అడగండి. అడగవలసినవారు ఇంకా కొందరు మిగిలివున్నారు. ఆ మంత్రసాని పేరు, ఊరు, తెలిస్తే ఆమెను గురించి నాలుగు మాటలు, కార్డుముక్క మీద ఐనా సరే, మాకు వ్రాయండి. వచ్చే సంచికలలో ఒక్కొక్కటిగా అచ్చు వేస్తాము.